టిఫిన్ సెంటర్‌కు ఫోర్ డోర్ ఫ్రిజ్: విశాఖ గాలికి ఏది నిలుస్తుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఎంవీపీ కాలనీలో పొద్దున టిఫిన్లు, సాయంత్రం కర్రీ పాయింట్ మొదలుపెడుతున్నారు. ఇంట్లో వాడే ఫ్రిజ్‌లు రెండు కొని సర్దుకోవచ్చా, లేక హోటళ్లలో ఉండే స్టీలు ఫోర్ డోర్ ఫ్రిజ్ తీసుకోవాలా, తీసుకుంటే కొత్తదా పాతదా, ఎన్ని లీటర్లది అని అడిగారు. విశాఖలో హోటళ్లు, బేకరీలు, క్యాటరింగ్ వంటశాలల ఫ్రిజ్‌లు బాగుచేయడం నా వృత్తి. అమ్మకాలతో నాకు సంబంధం లేదు, అందుకే కంపెనీల పేర్ల జోలికి పోకుండా ఏం చూసి కొనాలో చెబుతాను.

ఒక ఫోర్ డోర్ ఫ్రిజ్ తీసుకోండి. నాలుగు తలుపుల వెనకా చిల్లర్ భాగమే, అంటే గడ్డకట్టించకుండా చల్లగా మాత్రమే ఉంచేది, కావాలి, ఫ్యాన్ కూలింగ్ ఉండాలి, లోపలా బయటా ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలులో ఒక రకం) ఉండాలి, 43 డిగ్రీల గది వేడిలో పనిచేసేలా తయారైనదై ఉండాలి. గడ్డకట్టించి ఉంచే సరుకు ఉంటే దానికి విడిగా చిన్న డీప్ ఫ్రీజర్, పైకి మూత తెరుచుకునే పెట్టె రకం, తీసుకోండి. ఇంటి ఫ్రిజ్‌లు వద్దు. పాతది కొనవచ్చు గాని, కింద చెప్పిన పరీక్షలకు అమ్మేవారు ఒప్పుకుంటేనే. లీటర్ల లెక్క ఆ తర్వాతి మాట. ఈ ఊళ్లో ఫ్రిజ్ ఆయుష్షును తేల్చేవి వంటగది వేడి, సముద్రపు గాలి, చెడినప్పుడు వచ్చి చూసే మనిషి.

ఇంటి ఫ్రిజ్ ఎందుకు వద్దంటే, ఇంట్లో రోజంతా తెరిచినన్ని సార్లు టిఫిన్ సెంటర్‌లో ఏడు నుంచి తొమ్మిది గంటల మధ్యే తలుపు తెరుస్తారు. తెరిచిన ప్రతిసారీ వంటగది వేడీ తేమా లోపలికి దూరతాయి. కంప్రెసర్ చిన్నది, ఆ వేడిని బయటికి నెట్టేలోపే మళ్లీ ఎవరో చట్నీ కోసం తలుపు లాగుతారు. ఇలాంటి చోట్ల తలుపు అరలో పెట్టిన పాల ప్యాకెట్టుకు థర్మామీటర్ ఆనిస్తే పది, పన్నెండు డిగ్రీలు చూపించడం నాకు మామూలే. వండిన పదార్థం 5 డిగ్రీలు, అంతకన్నా కింద ఉండాలి. పైగా ఇంటి ఫ్రిజ్‌ల వారంటీ పత్రాల్లో వ్యాపార వినియోగానికి వర్తించదన్న షరతు సాధారణంగా ఉంటుంది. కంప్రెసర్ పోయేదాకా ఆ వాక్యాన్ని ఎవరూ చదవరు.

రెండు తలుపులు చిల్లర్, రెండు తలుపులు ఫ్రీజర్ ఉన్న మోడల్ కూడా చూపిస్తారు. అందులో రెండు భాగాలకూ వేర్వేరు కంప్రెసర్లు ఉంటే పర్వాలేదు. ఒక్కటే ఉంటే మాత్రం వదిలేయండి. నిలువు ఫ్రీజర్ తలుపు తెరిస్తే చల్లగాలి నీళ్లలా కిందికి జారిపోతుంది, పెట్టె రకంలో లోపలే ఉండిపోతుంది. మీలాంటి వ్యాపారానికి ఫ్రీజర్ అవసరం ఎలాగూ తక్కువే.

వేడి గురించి. ఫ్రిజ్ చేసే పని లోపలి వేడిని తీసి కండెన్సర్ ద్వారా బయటి గాలిలోకి వదలడం. బయటి గాలే కాగిపోతుంటే ఎక్కడికి వదులుతుంది? కేటలాగులో గది ఉష్ణోగ్రత అనే గడి చూడండి. 32, 38, 43 అని ఏదో ఒక అంకె ఉంటుంది. కొన్నిటిలో క్లైమేట్ క్లాస్ అని రాస్తారు. క్లాస్ 4 అంటే 30 డిగ్రీలు, 55 శాతం తేమ ఉన్న గదిలో పరీక్షించారని అర్థం. క్లాస్ 5 అంటే 40 డిగ్రీలు, 40 శాతం తేమ. మన మే నెలలో పెనం, ఇడ్లీ స్టీమర్ రెండూ వెలుగుతున్న గదిలో 40 దాటడం వింత కాదు, తేమ మాత్రం 40 శాతం దగ్గర ఆగదు. కాబట్టి క్లాస్ 4 మోడల్ ఎంత చవకగా వచ్చినా వంటగదిలో పెట్టడానికి కాదు. ఏసీ ఉన్న బేకరీ కౌంటర్ వెనకైతే సరే.

కండెన్సర్, కంప్రెసర్ పైన ఉన్న మోడళ్లు, కింద ఉన్న మోడళ్లు రెండూ దొరుకుతాయి. ఏది మేలన్నదానికి మీ పైకప్పే జవాబు. స్లాబు పది అడుగుల ఎత్తులో ఉంటే పైన ఉన్నదే తీసుకోండి. టిఫిన్ సెంటర్‌లో నేల మీద పిండి రాలుతుంది, రాత్రి బకెట్లతో నీళ్లు కొట్టి కడుగుతారు. కింద ఉన్న కండెన్సర్ ఆ పిండినీ పీల్చుకుంటుంది, ఆ నీళ్లకూ తడుస్తుంది. రేకుల షెడ్డు అయితే మాట మారుతుంది. మధ్యాహ్నం రేకు కింది గాలి పొయ్యి దగ్గరి గాలికి తీసిపోదు. అక్కడ కిందే ఉండాలి, కాళ్లు ఆరు అంగుళాల ఎత్తు ఉండాలి, కడిగే మనిషికి గట్టిగా చెప్పాలి. ఏ రకమైనా గోడకు నాలుగు అంగుళాలు, పైన అడుగు ఖాళీ వదలండి. ఆ అడుగు ఖాళీలో అట్టపెట్టెలు సర్దడం మన వాళ్లకు అలవాటు. వేసవిలో నాకు వచ్చే ఫోన్లలో చాలావాటికి మందు ఆ పెట్టెలు దించడమే.

ఉప్పుగాలి గురించి. లాసన్స్ బే, బీచ్ రోడ్డు, రుషికొండ వైపు దుకాణాల్లో పాత ఫ్రిజ్ జాలీ తీసి చూడండి. కండెన్సర్‌లో రాగి గొట్టాల చుట్టూ పలచటి అల్యూమినియం రెక్కలు వరుసగా ఉంటాయి. వాటిని వేలితో తాకితే తెల్లటి పొడిగా రాలిపోతాయి, ఉత్త గొట్టం మిగులుతుంది. రాగి, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పుతేమ చేరితే అల్యూమినియం ముందు తినుకుపోతుంది. రెక్కలు పోతే వేడి వదలడానికి చోటే ఉండదు, కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. మీ ఎంవీపీ కాలనీ కూడా సముద్రానికి దూరమేమీ కాదు. అందుకే కొనేటప్పుడు రెక్కలకు పూత ఉన్న కండెన్సర్ అడగండి. నీలం రంగులోనో, ఎపాక్సీ పూతైతే నల్లగానో ఉంటుంది. దీనికి అయ్యే అదనపు ఖర్చు ఒక్క గ్యాస్ మరమ్మతుతోనే తిరిగి వస్తుంది. వన్ టౌన్, జ్ఞానాపురం వైపు పెట్టేవాళ్లకు ఉప్పుతో పాటు నల్ల దుమ్ము బెడద కూడా ఉంది, అక్కడ పదిహేను రోజులకోసారి మెత్తటి బ్రష్షుతో కండెన్సర్ దులపాల్సిందే. మీకు నెలకోసారి చాలు.

స్టీలు దగ్గర మోసపోయేవారు ఎక్కువ. 304లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం ఉంటాయి. 202 అనే ఇంకో రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. షోరూములో రెండూ ఒకేలా మెరుస్తాయి. ఒకటి రెండు వర్షాకాలాలు గడిచాక 202 మీద, ముఖ్యంగా తలుపు అంచుల్లోనూ అతుకుల దగ్గరా, టీ మరకల్లా గోధుమరంగు చుక్కలు తేలుతాయి. చాలామంది అయస్కాంతం పట్టుకెళ్లి చూస్తారు. అది గట్టిగా అంటుకుంటే నికెల్ లేని 430 రకం స్టీలని తెలుస్తుంది, అంతవరకే. 202కూ అంటుకోదు, 304కూ అంటుకోదు. రెండిటినీ వేరు చేయడానికి స్టీలు వ్యాపారులు వాడే చుక్కల మందు ఉంటుంది, రంగు మారడాన్ని బట్టి చెబుతారు. అమ్మేవారు దానికి ఒప్పుకోకపోతే బిల్లు మీద 304 అని రాయించుకోండి. రాయనంటే మీకు జవాబు దొరికినట్టే. వెనక రేకు, అడుగు రేకు మాత్రం 304 ఫ్రిజ్‌లో కూడా తరచుగా జీఐ రేకే (జింకు పూత వేసిన ఇనుప రేకు) ఉంటుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే, కాబట్టి వంగి అడుగు కూడా చూడండి.

ఇంకొకటి, నేల కడగడానికి ఆసిడ్ వాడే అలవాటుంటే మానేయండి. ఆ ఆవిరి తగిలితే 304 కూడా గుంటలు పడుతుంది. బ్లీచింగ్ నీళ్లతో తలుపులు తుడవడమూ అంతే.

ఇప్పుడు మీ సాయంత్రం వ్యాపారానికి సంబంధించిన అసలు సంగతి. ఈ ఫ్రిజ్ చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచుతుంది, వేడి కూరను చల్లార్చడానికి తయారైనది కాదు. ఆ పనికి బ్లాస్ట్ చిల్లర్ అని వేరే యంత్రం ఉంది, దాని ధర మీ స్థాయికి ఎక్కువ. మిగిలిన పప్పు, చికెన్ కూర పెద్ద గిన్నెలో పొగలు కక్కుతుండగానే లోపల పెడితే, గిన్నె మధ్యభాగం తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉంటుంది, పక్కనున్న పాలూ పెరుగూ కూడా వేడెక్కుతాయి. అలాగని రాత్రంతా బయట వదిలేయడమూ ప్రమాదమే. అమెరికా ఆహార నియమావళిలో ఒక కొలత ఉంది, నేను అందరికీ అదే చెబుతాను: 57 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, మొత్తం ఆరు గంటల్లో 5 డిగ్రీలకు దిగాలి. కూరను రెండు అంగుళాల మందం దాటకుండా వెడల్పు ట్రేల్లో పోసి, ఆ ట్రేలను ఐసు నీళ్ల తొట్టిలో పెట్టి కలుపుతూ ఉంటే ఇది సాధ్యమే. ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి. మూత మాత్రం పూర్తిగా చల్లారాకే బిగించండి.

చేపల కూర వండేటట్టయితే, ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన పచ్చి చేపను ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉత్తగా పెట్టకండి. చిల్లులున్న ట్రేలో ఐసు మధ్య పెట్టి, కింద నీళ్లు దిగడానికి ఇంకో ట్రే ఉంచి, ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో ఉంచండి. చేప సున్నా దగ్గర ఉన్నంత కాలం 4 దగ్గర నిలవదు. పచ్చి మాంసం కూడా కిందే, వండినవి, చట్నీలు పైనే. నీరు కారితే పచ్చిదాని మీదే కారాలి గాని వండినదాని మీద కాదు. దోసె పిండి ఫ్రిజ్‌లో కూడా నెమ్మదిగా పులుస్తూనే ఉంటుంది, డబ్బాను మూడొంతులే నింపండి. పొంగి అరలోంచి ఫ్యాన్ జాలీ మీదికి కారిన పిండి ఎండితే గోకి తీయాల్సింది నాలాంటివాడే.

లీటర్లకు వద్దాం. ఫోర్ డోర్ అంటే సాధారణంగా 900 నుంచి 1000 లీటర్ల మధ్య చెబుతారు. అది ఖాళీ పెట్టె కొలత. గాలి తిరగడానికి మూడోవంతు వదిలేయాలి. కాబట్టి లీటర్లు పక్కనపెట్టి డబ్బాలు లెక్కపెట్టండి. రాత్రి పది గంటలకు, అంటే మరునాటి పిండి, పాలు, కూరగాయలు, మిగిలిన కూరలు అన్నీ ఒకేసారి ఉండే సమయానికి, మీ దగ్గర ఎన్ని డబ్బాలు ఉంటాయో కాగితం మీద రాసి, దానికి పావు వంతు కలపండి. మన వాళ్లు గుండ్రటి గిన్నెలు, బకెట్లు పెడతారు, మూలలన్నీ వృథా. జీఎన్ ట్రేలు అని ప్రామాణిక కొలతల్లో వస్తాయి. పూర్తి సైజు 530 మిల్లీమీటర్ల పొడవు, 325 వెడల్పు. నాలుగు అంగుళాల లోతుదైతే సుమారు 14 లీటర్లు పడుతుంది. ఆ ట్రేలు అరలో రెండు పక్కపక్కన సరిగ్గా పట్టే మోడల్ తీసుకుంటే 1000 లీటర్లది మీకు బాగానే సరిపోతుంది. బకెట్లే వాడతామంటే టేపు తీసుకెళ్లి అరల మధ్య ఎత్తు కొలుచుకోండి, అర జరిపే వీలుందో లేదో చూడండి. ఆ టేపుతోనే మీ షట్టర్ వెడల్పూ, వంటగది గుమ్మం కూడా కొలవండి. ఈ ఫ్రిజ్ నాలుగు అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఉంటుంది. గుమ్మంలో ఇరుక్కుని తలుపులు ఊడదీసి లోపలికి నెట్టిన ఫ్రిజ్‌లకు గాస్కెట్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) మళ్లీ సరిగ్గా కూర్చోవడం కష్టం.

రెండు పెద్ద తలుపులకన్నా నాలుగు చిన్న తలుపులు ఎందుకంటే, ఒక్కటి తెరిస్తే పావు భాగమే గాలికి తగులుతుంది. గాజు తలుపు వంటగదికి వద్దు, చలువ ఎక్కువ పోతుంది, మన తేమకు చెమట పట్టి కారుతుంది. ముందు కౌంటర్లో కూల్‌డ్రింకులకు సరే. స్టీలు తలుపు చుట్టూ చట్రంలో సన్నటి హీటర్ తీగ ఉందో లేదో అడగండి. లేకపోతే వర్షాకాలంలో అంచుల్లో నీళ్లు, తర్వాత బూజు. గాస్కెట్ పరీక్ష సులువు: పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు వేసి లాగండి, పట్టు తెలియాలి. నాలుగు మూలల్లోనూ చూడండి. ఫ్యాన్ కూలింగ్ ఎందుకంటే, ఫ్యాన్ లేని రకంలో పై అరకూ కింది అరకూ తేడా ఎక్కువ, తెరిచి మూశాక చలువ తిరిగి రావడానికి చాలా సమయం పడుతుంది. ఫ్యాన్ గాలికి మూత లేని పదార్థం ఎండిపోతుంది, ఆ ఒక్క జాగ్రత్త తీసుకోండి.

లోకల్‌గా తయారుచేసే ఫ్రిజ్‌లలో మంచివి ఉన్నాయి, మరమ్మతుకు కూడా సులువు. వాటిలో చూడాల్సింది గోడల మధ్య పఫ్ (చలువ పోకుండా ఆపే గట్టి నురగ) నింపారా, థర్మోకోల్ ముక్కలు పెట్టారా అన్నది. నడుస్తున్న ఫ్రిజ్‌ని వర్షాకాలంలో చేత్తో తడిమి చూడండి. బయటి స్టీలు మీద ఒకచోట మాత్రమే చెమట పడుతుంటే అక్కడ లోపల ఖాళీ ఉందని అర్థం.

ఫ్రిజ్ గొట్టాల్లో తిరుగుతూ వేడిని మోసుకుపోయే గ్యాస్ విషయం క్లుప్తంగా. ఆర్ పక్కన అంకెతో రాసేవి ఆ గ్యాస్‌ల పేర్లు. ఆర్ 404ఏ ఉన్న కొత్త ఫ్రిజ్ తీసుకోకండి. భూమిని వేడెక్కించే ఫ్రిజ్ గ్యాస్‌లను తగ్గించాలన్న అంతర్జాతీయ ఒప్పందం కిగాలీ సవరణను 2021లో భారత్ ఆమోదించింది, ఇలాంటి గ్యాస్‌లను 2032 నుంచి దశలవారీగా తగ్గించాలి. ఆర్ 290 మంచి గ్యాస్, కరెంటు తక్కువ తింటుంది, కాని అది ప్రొపేన్, మండుతుంది. దాన్ని నేర్చుకున్న మెకానిక్ చేతికే ఇవ్వాలి. ఆర్ 134ఏ ఫ్రిజ్‌లో చవక అని ఆర్ 290 ఎక్కిస్తామనేవాళ్లను గుమ్మంలోంచే పంపేయండి.

కరెంటు లెక్క: 24 గంటలకు ఎన్ని యూనిట్లో కేటలాగులో ఉంటుంది. మీకు యూనిట్ పది రూపాయలు పడుతుందనుకుంటే, రోజుకు ఒక్క యూనిట్ తేడా ఏడాదికి 3,650 రూపాయలు. రెండు మోడళ్ల ధరలను ఈ లెక్కతో కలిపి చూడండి. స్టెబిలైజర్ తప్పనిసరి, కరెంటు వచ్చాక మూడు నిమిషాలు ఆగి ఇచ్చేది కావాలి. ఫ్రిజ్‌కు ప్రత్యేకంగా ఒక లైను, సరైన ఎర్తింగ్. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపే ఆలోచన వద్దు, కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు మామూలుగా లాగేదానికి కొన్ని రెట్లు ఉంటుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక ఊళ్లో కొన్ని రోజులు కరెంటు లేదు. అంత కాకపోయినా తుపాను రోజుల్లో గంటల తరబడి పోతుంది. తెరవకుండా ఉంచితే చిల్లర్ నాలుగు గంటలు కాపాడుతుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు రెండు రోజులు. హెచ్చరిక రాగానే నీళ్ల సీసాలు గడ్డకట్టించి, కరెంటు పోయాక చిల్లర్ పై అరలో పేర్చండి. పిండి రుబ్బడం ఆ పూటకు ఆపేయండి.

పాతది కొనాలనుకుంటే, మూతపడిన హోటళ్ల సరుకులో మంచివి దొరుకుతాయి. ముందురోజు ఆపేసి ఉంచమని చెప్పి, మీ ఎదురుగా ఆన్ చేయించండి. ముందే చల్లబరిచి చూపించే ఫ్రిజ్ ఏమీ చెప్పదు. ఖాళీగా ఉన్నప్పుడు గంట, గంటన్నరలో 5 డిగ్రీలకు రాకపోతే వదిలేయండి. కండెన్సర్ చివర రాగి గొట్టాల వంపుల దగ్గర నూనె మరక ఉంటే గ్యాస్ కారుతోందన్నమాట. కంప్రెసర్ గొట్టాల అతుకుల దగ్గర కొత్త వెల్డింగ్ కనిపిస్తే ఎప్పుడు మార్చారు, ఏ గ్యాస్ వేశారు అని అడగండి. కొత్తదాని ధరలో సగం దాటి అడిగితే కొత్తదే మేలు.

ధర కుదిరాక బిల్లు మీద ఇవి రాయించండి: స్టీలు రకం, గ్యాస్ పేరు, వారంటీలో కంప్రెసర్‌తో పాటు గ్యాస్ ఛార్జింగ్, కూలీ కలిసి ఉన్నాయో లేదో. కంప్రెసర్‌కు అయిదేళ్లు అని పెద్ద అక్షరాల్లో వేసి, గ్యాస్‌కూ కూలికీ డబ్బు తీసుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది. మెకానిక్ విశాఖలోనే ఉంటాడా, విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో రావాలా అన్నది కూడా సంతకానికి ముందే తేల్చుకోండి. కంట్రోలర్, ఫ్యాన్ మోటారు, గాస్కెట్ ఈ మూడూ ఊళ్లో స్టాకు ఉన్న కంపెనీ, పేరు చిన్నదైనా, నాకు ఇష్టం. మే నెలలో ఆదివారం ఫ్యాన్ మోటారు పోతే పార్శిల్ వచ్చేదాకా మీ కూరలు ఆగవు.

ఫ్రిజ్ వచ్చిన రోజు నిలబెట్టి కొన్ని గంటలు వదిలేయండి. వ్యానులో పడుకోబెట్టి తెచ్చి ఉంటే మర్నాటిదాకా ఆగండి. తర్వాత ఒక రోజంతా ఖాళీగా నడిపి, గ్లాసు నీళ్లలో చిన్న థర్మామీటర్ పెట్టి పై అరలో ఒకటి, కింది అరలో ఒకటి ఉంచండి. తలుపు మీది అంకె గాలిది, గ్లాసులోది పదార్థానిది. పొద్దున రెండు గ్లాసులూ 5 లోపు ఉంటేనే సరుకు ఎక్కించండి. మీ గది కొలతలు, పైకప్పు స్లాబా రేకులా, పెనం ఏ గోడకు వస్తుందో రాస్తే ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలో చెబుతాను.